ఎలక్ట్రానిక్స్ కిట్లలో ఏది ఎవరికి తగినది

వేసవి సెలవులకు ముందు ఒకసారి, పాఠశాలల్లో సైన్స్ ప్రదర్శనలు దగ్గరపడినప్పుడు మరొకసారి, తెలిసిన తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "మా పిల్లకు ఎలక్ట్రానిక్స్ అంటే ఆసక్తి, ఏ కిట్ కొనమంటారు?" పాలిటెక్నిక్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి విద్యార్థుల చేత సర్క్యూట్లు కట్టిస్తున్నవాడిని కనుక నా దగ్గర ఒక్క మాటలో సమాధానం ఉంటుందని వారు ఆశిస్తారు. కాని ఆ పిల్ల వయసెంత, పక్కన కూర్చునే పెద్దవారెవరైనా ఉన్నారా, ఇప్పటివరకు ఏం చేసి చూసింది అన్న మూడు సంగతులు తెలియకుండా ఏ కిట్ పేరు చెప్పినా అది మంచి సలహా కాదు.

అట్టపెట్టె మీద "300 ప్రయోగాలు" అని పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన అది మంచి కిట్ అయిపోదు. ఆ 300లో చాలా వరకు ఒకే సర్క్యూట్‌లో స్విచ్ బదులు లైట్ సెన్సర్, బల్బు బదులు బజర్ పెట్టి లెక్క పెంచినవే ఉంటాయి. నేను చూసేది వేరు. ఈ కిట్‌తో పిల్ల తప్పు చేయగలదా? చేస్తే, ఆ తప్పు ఎక్కడుందో తానే వెతికి పట్టుకోగలదా? పుస్తకంలోని ప్రయోగాలన్నీ పూర్తయ్యాక ఆ భాగాలతో సొంతంగా ఇంకొకటి కట్టగలదా? ఈ మూడింటికీ వచ్చే జవాబులను బట్టే కింది రకాలను పోలుస్తున్నాను.

టిచ్ బటన్ల కిట్లు

ప్లాస్టిక్ పలక మీద జాకెట్టుకు టిచ్ బటన్లు నొక్కినట్టు భాగాలను నొక్కి అతికించే కిట్లు ఇవి. అమెరికాకు చెందిన ఎలెంకో సంస్థ అమ్మే స్నాప్ సర్క్యూట్స్ వీటిలో బాగా పేరున్నది. అదే పద్ధతిలో మన దగ్గరా చాలా కిట్లు దొరుకుతున్నాయి. ఒక్కో భాగం వేలెడంత ప్లాస్టిక్ ముక్కలో అమర్చి, దాని మీద సర్క్యూట్ చిత్రాల్లో వాడే గుర్తునే ముద్రిస్తారు. దాంతో పిల్ల కట్టిన సర్క్యూట్, పుస్తకంలోని చిత్రం దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లకు కరెంటు ఒక చుట్టు తిరిగి రావాలని, ఆ చుట్టు ఎక్కడ తెగినా బల్బు ఆరిపోతుందని అర్థం చేయించడానికి ఇంతకంటే సులువైన సాధనం నాకు తెలియదు.

అయితే దాని సౌలభ్యమే దాని హద్దు కూడా. రెసిస్టర్ (కరెంటును అదుపుచేసే భాగం) విలువను ఆ ముక్క మీదే రాసి పెడతారు కనుక, మామూలు రెసిస్టర్ల మీద విలువను తెలిపే రంగుల పట్టీలు చదివే అవసరం రాదు. కాంటాక్ట్ లూజు కావడం అరుదు కనుక లూజు కాంటాక్టును వెతకడం అలవడదు. ఆ ముక్కలు మామూలు భాగాలతో సులువుగా కలవవు కనుక పెట్టెలో లేని విలువ కావాలంటే మళ్లీ అదే సంస్థ కిట్టే కొనాలి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఇది మంచి ఎంపిక. పన్నెండు దాటిన పిల్లకు మాత్రం ఈ డబ్బు పెట్టవద్దనే చెబుతాను, ఎందుకంటే వారం తిరగకుండా పుస్తకం పూర్తిచేసి పెట్టెను అటక మీదికి ఎక్కించిన ఇళ్లు నేను చూశాను.

అమెరికాలో ఉన్న బంధువులు ఇలాంటి కిట్ తెచ్చి ఇస్తే ఒక సంగతి తప్పక చూడండి. బ్యాటరీలతో నడిచేదైతే ఏ ఇబ్బందీ లేదు. అడాప్టర్ ఉంటే మాత్రం దాని మీది చీటీలో 100 నుంచి 240 వోల్టులు అని ఉందా, 120 అని మాత్రమే ఉందా అన్నది చదవాలి. 120 అని మాత్రమే ఉన్న అడాప్టర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, ప్రమాదం కూడా.

స్ప్రింగుల కిట్లు

పెద్ద అట్ట మీద భాగాలన్నీ ముందే బిగించి, ఒక్కోదాని కాళ్లను అంకెలు వేసిన స్ప్రింగులకు కలిపి ఉంచే కిట్లు పాత తరానికి బాగా గుర్తుండేవి, ఇప్పుడూ అమ్ముతున్నారు. "14 నుంచి 32కు, 33 నుంచి 7కు" అని పుస్తకం చెబుతుంది, పిల్ల ఆ ప్రకారం వైర్లు వంచి స్ప్రింగుల్లో దూరుస్తుంది. చివరికి రేడియో పలుకుతుంది, సంతోషం కలుగుతుంది, కాని సర్క్యూట్ ఎలా ఉందో ఆ పిల్ల బొమ్మ గీయలేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే అంకెలను పక్కనపెట్టి సర్క్యూట్ చిత్రాన్ని చూసి కట్టమనండి. కొత్తగా కొనాల్సిన అవసరం లేదు.

బ్రెడ్‌బోర్డ్, విడి భాగాలు

పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ, కొత్తగా నేర్చుకోవాలనుకునే పెద్దలకూ నేను మొదట చెప్పేది ఇదే. 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా భాగాల కాళ్లను దూర్చి సర్క్యూట్ కట్టే పలక), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వచేసేవి), ఎల్‌ఈడీలు, రెండు మూడు ట్రాన్సిస్టర్లు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును అదుపుచేసేవి), ఒక 555 టైమర్ ఐసీ (నిర్ణీత వ్యవధిలో ఆన్, ఆఫ్ చేసే చిప్), జంపర్ వైర్లు, వోల్టులు కొలిచే ఒక చిన్న మల్టీమీటర్ ఉంటే చాలు. ఇవన్నీ ఒకే పెట్టెలో కట్టి అమ్మే కిట్ కొన్నా, దుకాణంలో విడివిడిగా కొన్నా ఫలితం ఒకటే. అయితే పెట్టెలో మల్టీమీటర్ ఉందో లేదో చూసుకోవాలి. చాలా కిట్లలో అది ఉండదు. సర్క్యూట్ పనిచేయనప్పుడు పిల్లకు అదే కన్ను.

దీని విలువ ఎక్కడుందో మా ఇంట్లో జరిగిన ఒక సంఘటనతో చెబుతాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు 555 టైమర్‌తో ఎల్‌ఈడీని ఆరి వెలిగేలా చేసే సర్క్యూట్ కట్టింది. ఐసీ గాడిని ఎడమవైపు పెట్టి ఒకటో కాలును సరిగానే గుర్తించింది, ఎల్‌ఈడీ పొడుగు కాలును ప్లస్ వైపే పెట్టింది, కెపాసిటర్ మీది చారను మైనస్ వైపే ఉంచింది. అయినా ఏమీ వెలగలేదు. "బాబాయ్, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే పెట్టాను, అయినా వెలగట్లేదు" అంటూ బోర్డును నా ముందు పెట్టింది. నేను బోర్డును ముట్టుకోలేదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల స్థానానికి తిప్పి ఆమె చేతికిచ్చి, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ఎల్‌ఈడీ వైపు నడుచుకుంటూ వెళ్లమన్నాను. బోర్డు అంచున బ్యాటరీ ప్లస్‌ను పంచే ఎర్ర గీత ఎడమ చివర 8.9 వోల్టులు చూపించింది. అదే ఎర్ర గీత వెంట కుడి సగానికి వెళ్లేసరికి సున్నా. దగ్గరగా చూస్తే ఆ ఎర్ర గీత బోర్డు నడుమ గోరంత దూరం తెగి ఉంది. లోపలి లోహపు పట్టీ కూడా అక్కడే తెగి ఉంటుంది. పుస్తకంలోని బొమ్మలో ఉన్న బోర్డుకు ఆ తెగుడు లేదు. ఆమె ఒక చిన్న జంపర్ వైరును ఆ తెగిన చోటికి అడ్డంగా దూర్చగానే ఎల్‌ఈడీ సెకనుకొకసారి మెరవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఆమె నేర్చుకున్నది 555 గురించి కాదు. వోల్టేజీ ఎక్కడి దాకా వచ్చి ఎక్కడ ఆగిపోయిందో వెతికే పద్ధతి నేర్చుకుంది. రేపు ఇంట్లో టార్చిలైటు పనిచేయకపోయినా, ఎల్లుండి పెద్ద యంత్రం ఆగిపోయినా ఆ పద్ధతే పనికొస్తుంది. టిచ్ బటన్ల కిట్‌లో ఇలాంటి తప్పు జరిగే అవకాశమే లేదు, కనుక ఈ పాఠానికీ చోటు లేదు.

బ్రెడ్‌బోర్డ్ వల్ల వచ్చే ఇంకొక లాభం భాగాలను మార్చి చూడగలగడం. ఆ సర్క్యూట్‌లో మొదటి రెసిస్టర్ 10 కిలో ఓములు, రెండోది 68 కిలో ఓములు, కెపాసిటర్ 10 మైక్రోఫ్యారడ్లు. రెండో రెసిస్టర్ విలువను రెట్టింపు చేసి మొదటిదానికి కలిపి, ఆ మొత్తాన్ని కెపాసిటర్ విలువతో గుణించి, వచ్చిన సంఖ్యతో 1.44ను భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు మెరుస్తుందో తెలుస్తుంది. ఇక్కడ అది దాదాపు ఒకసారి. కెపాసిటర్ తీసి 100 మైక్రోఫ్యారడ్లది పెడితే ఒక్కో మెరుపుకు పది సెకన్లు పడుతుంది. దాన్నీ తీసి, మీద 103 అని రాసి ఉండే 0.01 మైక్రోఫ్యారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టి, ఎల్‌ఈడీ, దాని రెసిస్టర్ ఉన్న చోట పైజో డిస్క్ (విద్యుత్తుతో కంపించి శబ్దం చేసే బిళ్ల) కలిపితే, అదే సర్క్యూట్ సెకనుకు సుమారు వెయ్యిసార్లు కదిలి సన్నని కూత పెడుతుంది. కంటికి కనిపించిన మెరుపు వేగం పెరిగి చెవికి వినిపించే స్వరంగా మారడాన్ని లెక్కతో సహా తెలుసుకున్న పిల్ల ఫ్రీక్వెన్సీ అన్న మాటను ఇక మరచిపోదు.

ఇబ్బందులు లేవని కాదు. నాసిరకం బ్రెడ్‌బోర్డుల్లో క్లిప్పులు వదులై వైర్లు నిలవవు. మొదటి రోజుల్లో రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని నేరుగా 9 వోల్టుల బ్యాటరీకి కలిపి కాల్చనివారు అరుదు; ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 7 వోల్టులను 470 ఓముల రెసిస్టర్ తీసుకుంటే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయన్న లెక్క ఆ తర్వాతే మనసుకెక్కుతుంది. పక్కన అడిగి తెలుసుకునేందుకు ఎవరూ లేని పిల్ల, సర్క్యూట్ రెండు మూడుసార్లు వెలగకపోతే నిరాశపడి వదిలేసే అవకాశమూ ఉంది. అలాంటి పిల్లకు కనీసం మొదటి వారం పెద్దవారెవరైనా తోడుండాలి. ఎలక్ట్రానిక్స్ తెలియకపోయినా ఫర్వాలేదు, "ఇక్కడ ఎన్ని వోల్టులు ఉన్నాయి, అక్కడ ఎన్ని ఉన్నాయి?" అని అడుగుతూ కూర్చుంటే చాలు.

సోల్డరింగ్ కిట్లు

పేర్లు, విలువలు ముద్రించిన పీసీబీ (రాగి దారులున్న సర్క్యూట్ పలక) ఇచ్చి, దానిలో భాగాలు దూర్చి టంకం వేసుకోమనే కిట్లు ఇవి: ఎఫ్ఎం రేడియో, డిజిటల్ గడియారం, చిన్న యాంప్లిఫయర్ వంటివి. అమెరికాలోని హీత్ సంస్థ 1947లో ఆసిలోస్కోప్‌ను (విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పరికరం) విడి భాగాలుగా చౌకగా అమ్మి ఈ తరహా కిట్లకు గొప్ప గిరాకీ తెచ్చింది. 1992లో ఆ సంస్థ కిట్ల తయారీ ఆపేసే వరకు ఎందరో రేడియో అభిరుచిదారులు వాటితోనే చేయి తిప్పుకున్నారు. ఆ ఆకర్షణకు కారణం సులువే: చివరికి ఇంట్లో రోజూ వాడుకునే వస్తువు ఒకటి మిగులుతుంది.

వీటిలో నేర్చుకునేది సర్క్యూట్ సిద్ధాంతం కంటే చేతిపని. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనను పీసీబీ మీది రాగి చుక్కకూ భాగం కాలుకూ ఒకేసారి ఆనించి, రెండూ వేడెక్కాక టంకపు తీగను వాటికి తగిలించాలి. రెండు మూడు సెకన్లలో అది కరిగి కాలు చుట్టూ చిన్న శంకువులా పరచుకుంటుంది. గుండ్రటి బొట్టులా ముద్దకట్టి, మసకగా కనిపిస్తే ఆ అతుకు పైకి పట్టినట్టుండి లోపల పట్టదు. ఈ తేడాను కంటితో పట్టుకోవడం వస్తే సగం పని వచ్చినట్టే. తగరం 63, సీసం 37 పాళ్లున్న తీగ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక కొత్తవారికి అది సులువు. సీసం ఉంటుంది కనుక పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పొగను పీల్చకుండా కిటికీ తీసి ఉంచాలి.

పొరపాటున తప్పు చోట అతికించిన భాగాన్ని తీయడం పిల్లలకు కష్టం. అందుకే మొదటి కిట్‌గా దీన్ని నేను చెప్పను. బ్రెడ్‌బోర్డ్ మీద ఆరేడు సర్క్యూట్లు కట్టాక, పదమూడేళ్లు దాటాక, పెద్దవారు పక్కన ఉన్నప్పుడు కొనవలసినది ఇది.

ఆర్డుయినో, మైక్రోబిట్ కిట్లు

నేడు ఎక్కువగా అమ్ముడవుతున్నవి, ఎక్కువగా తప్పు సమయంలో కొంటున్నవి ఇవే అని నా అభిప్రాయం. ఆర్డుయినో అంటే మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం పిన్నులను ఆన్, ఆఫ్ చేసే చిన్న కంప్యూటరు బోర్డు; అది 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఇంజనీర్లు కాని విద్యార్థులు కూడా సులువుగా వాడుకునేందుకు పుట్టింది. ఆర్డుయినోల్లో ఒకటైన ఊనో బోర్డులో 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు ఉంటాయి, 5 వోల్టులతో నడుస్తుంది, యూఎస్‌బీ వైరు కలిపి నాలుగు వరుసల ప్రోగ్రాం రాస్తే ఎల్‌ఈడీ మెరుస్తుంది. ఆ సులువు నిజమైనదే, మెచ్చుకోదగినదే. కాని స్టార్టర్ కిట్లలో వచ్చే సెన్సర్లు చాలావరకు మూడు వైర్లు తగిలిస్తే పనిచేసే సిద్ధమైన చిన్న బోర్డులు కావడంతో, వాటి మీదున్న రెసిస్టర్, ట్రాన్సిస్టర్ ఏం చేస్తున్నాయో తెలుసుకోకుండానే ప్రాజెక్టు పూర్తవుతుంది.

దాని ఫలితం ప్రయోగశాలలో చూస్తుంటాను. ప్రోగ్రాం చక్కగా రాయగల విద్యార్థి చిన్న డీసీ మోటారును నేరుగా ఊనో పిన్నుకు కలుపుతాడు. ఊనో ఆర్3లో ఆ పిన్ను తట్టుకోగల గరిష్ఠ కరెంటు 40 మిల్లీ ఆంపియర్లు, మామూలుగా 20 దాటనివ్వకూడదు. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. పిన్ను పాడవుతుంది, తప్పు ప్రోగ్రాంలో ఉందనుకుని రెండు గంటలు వెతుకుతాడు. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, దాని బేస్ అనే కాలుకు 470 ఓముల రెసిస్టర్, మోటారుకు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పెట్టి, మోటారుకు వేరే బ్యాటరీ ఇచ్చి, రెండు మైనస్‌లను కలిపితే ఆ సమస్యే ఉండదు. ఈ పనులన్నీ ఎందుకో బ్రెడ్‌బోర్డ్ మీద ట్రాన్సిస్టర్‌తో ఒక్కసారి ఆడుకున్నవారికి చెప్పనక్కర్లేదు.

మైక్రోబిట్ కూడా అలాంటి చిన్న కంప్యూటరు బోర్డే, కాని దాని సంగతి కొంత వేరు. 2016లో బ్రిటన్‌లో బీబీసీ 11, 12 ఏళ్ల పిల్లలకు దాదాపు పది లక్షల బోర్డులు ఉచితంగా పంచింది. దాని మీదే 25 ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటాయి. 2020లో వచ్చిన రెండో రూపంలో మైకు, స్పీకరు కూడా చేరాయి. బొమ్మ ముక్కలు పేర్చినట్టు ప్రోగ్రాం రాయవచ్చు కనుక పదేళ్ల పిల్లకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఊనో కంటే ఇదే మేలు. అయితే అది నేర్పేది ప్రధానంగా ప్రోగ్రామింగే అని గుర్తుంచుకుని కొనాలి.

ఊనోకు అనుసరణగా వచ్చిన చౌక బోర్డులు కూడా నేర్చుకోవడానికి సరిపోతాయి. వాటిలో చాలావాటికి సీహెచ్340 అనే చిప్ ఉంటుంది కనుక కంప్యూటరు బోర్డును గుర్తించకపోతే ఆ పేరుతో డ్రైవర్ వేసుకోవాలి. ఈఎస్‌పీ32, రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే బోర్డులు శక్తిమంతమైనవే, కాని 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సర్‌ను నేరుగా కలిపి వాటిని పాడుచేసుకోవడం సులువు. అందుకే మొదటి బోర్డుగా ఊనోనే కొనమంటాను.

కొనే ముందు బడిలో అడగండి

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశమంతటా పదివేల పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పడ్డాయి. ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఎన్నో ప్రభుత్వ పాఠశాలల్లో ఇవి ఉన్నాయి. మీ పిల్ల బడిలో అలాంటి ల్యాబు ఉంటే ఆర్డుయినో కొనే డబ్బు మిగుల్చుకుని, ఇంటికి బ్రెడ్‌బోర్డ్, మల్టీమీటర్ మాత్రం కొనండి. కంప్యూటరు ఉండి భాగాలు ఇంకా రాకపోతే టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా సర్క్యూట్లు కట్టి చూడవచ్చు. అక్కడ ఎల్‌ఈడీ కాలినా ఖర్చు లేదు, కాని లూజు కాంటాక్టు కూడా ఉండదు కనుక అది చేతిపనికి బదులు కాలేదు.

సైన్స్ ప్రదర్శన కోసం కొనేవారికి ఒక హెచ్చరిక. ఆటోమేటిక్ వీధిదీపం, నీటి ట్యాంకు మోటారు వంటి ప్రాజెక్టుల్లో రిలే బోర్డు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) ద్వారా 230 వోల్టుల బల్బును వెలిగించాలని పిల్లలు ఉబలాటపడతారు. ఆ రిలే బోర్డు కింది అతుకులన్నీ కప్పులేకుండా బయటికే ఉంటాయి. పిల్లల బల్ల మీదికి ఇంటి కరెంటు రానివ్వకండి. బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ కూడా అదే సూత్రాన్ని చూపిస్తుంది. అలాగే, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన లిథియం సెల్లులను వాడనివ్వకూడదు. షార్ట్ అయితే అవి మంటలు రేపుతాయి.

నేనైతే ఏది కొంటాను

ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లకైతే చిన్న టిచ్ బటన్ల కిట్, పెద్దది వద్దు. కంప్యూటరు మీద ఆసక్తి ఎక్కువైతే దాని బదులు మైక్రోబిట్. పన్నెండు దాటిన ఎవరికైనా, నలభై ఏళ్ల పెద్దలకైనా, విడి భాగాలు. డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థి ఇప్పటికే ఆర్డుయినో కొని ఉంటే దాన్ని పక్కన పెట్టమనను, దాని 5 వోల్టుల పిన్నునే విద్యుత్తుగా వాడుకుంటూ, ప్రోగ్రాం లేకుండా, ట్రాన్సిస్టర్ సర్క్యూట్లు నాలుగు కట్టమంటాను. రెండింటికీ డబ్బుంటే రెండూ ఒకేసారి కొనవద్దు. మొదట విడి భాగాలు, మూడు నెలల తర్వాత ఊనో.

హైదరాబాదులో ఉన్నవారు కోఠి గుజరాతీ గల్లీకి ఒకసారి పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఊళ్లలో ఉన్నవారు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, పేరున్న విదేశీ కిట్ ఒకదాని ధరలో ఇవన్నీ వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది. చీటీ మీద ఇలా రాసుకోండి: 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డ్ ఒకటి, జంపర్ వైర్ల కట్ట, చిన్న డిజిటల్ మల్టీమీటర్, 470 ఓములు, 1, 10, 68, 100 కిలో ఓముల రెసిస్టర్లు పదేసి, 10, 100 మైక్రోఫ్యారడ్ల కెపాసిటర్లు ఐదేసి, 103 సిరామిక్ కెపాసిటర్లు ఐదు, బీసీ547 ట్రాన్సిస్టర్లు ఐదు, 555 ఐసీలు రెండు, ఒక ఎల్‌డీఆర్ (వెలుతురును పసిగట్టే రెసిస్టర్), ఒక పైజో డిస్క్, నాలుగు పెన్‌టార్చి సెల్లులు పట్టే హోల్డర్. ఇక్కడి లెక్కలు 9 వోల్టులకు వేసినవే అయినా ఆ సెల్లుల 6 వోల్టులతో కూడా 555 చక్కగా నడుస్తుంది. పైగా చిన్న 9 వోల్టుల బ్యాటరీ కంటే అవి ఎన్నో రెట్లు ఎక్కువ రోజులు వస్తాయి. ఎల్‌ఈడీలు మాత్రం ఇరవై తీసుకోండి. మొదటి వారంలో కాలిపోయేవాటి లెక్క ముందే వేసుకుంటే పిల్ల భయపడకుండా చేయి పెడుతుంది.